ముఖం చూడని గంట

జూన్ 3, మంగళవారం

చర్చి గంటకు మోటారు పెట్టించారు. నన్ను అడగలేదు.

ఇంట్లో ఈ మాట ఎత్తితే కోడలు హన్నా "పోనీ మామా" అంటుంది. మనవరాలు కీర్తన నవ్వుతుంది. కొడుకు ఉదయ్ లారీ మీద ఎప్పుడూ బయటే. అందుకని కీర్తనకు ఆఫీసులో ఇచ్చిన ఈ డైరీ నేను తీసుకున్నాను. నా అక్షరాలు వంకర. బైబిలు చదవడం కోసం రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు అంతకంటే నిటారుగా రావు. ఎవరికీ చూపించేది లేదు కాబట్టి వంకరగానే ఉండనీ.

సెక్రటరీ ప్రశాంత్ చెప్పే కారణం ఏమిటంటే, ఈస్టర్ నాడు గంట మధ్యలో ఆగిపోయిందట. ఆగింది, నిజమే. తాడు తడిసి జారింది. ఆ రోజు వాన ఎక్కడిది మామా అని హన్నా అడిగింది. వాన లేకపోతే మంచు. ఎండాకాలంలో మంచు కురవకూడదని ఎక్కడన్నా రాసి ఉందా?

పెండ్లి కాకముందు నుంచి ఆ తాడు నా చేతిలో ఉంది. వారమంతా ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసేవాణ్ని, ఆదివారం వచ్చి గంట కొట్టేవాణ్ని. ప్రశాంత్ అప్పటికి పుట్టలేదు.

జూన్ 5, గురువారం

మోటారు ఒక్కటే కాదు. దాన్ని నడిపించే ప్రోగ్రాం మా కీర్తన రాసిందట. ఈ సంగతి నాకు ఇవాళ తెలిసింది. ఇంట్లో ఉండి, నా పక్కన కూర్చుని అన్నం తింటూ, ఇన్ని రోజులూ చెప్పలేదు.

పై గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించింది. నల్లటి తెర, దాని మీద పచ్చటి గీతలు.

"ఇది పైథాన్ తాతా, కంప్యూటర్ భాష. ఎవరన్నా పోయిండ్రనుకో, వాళ్ల ఇంటోళ్లు ఫోన్ల ఈ పేజీ తెరిచి పేరు, వయసు, ఇల్లు రాసి 'పంపు' అని నొక్కుతరు. అది సర్వర్‌కు పోతది. ఆడ పనులు ఒకటెనుక ఒకటి షురూ అయితయి. ముందు సంఘంలందరికి మెసేజ్. తర్వాత టెంట్‌హౌస్ సారంగపాణి తాతకు ఫ్రీజర్ డబ్బా కోసం. తర్వాత గుంట తవ్వే శ్రీనివాస్‌కు. ఆఖరికి గంట. మొత్తానికి వర్క్‌ఫ్లో అంటరు."

"మరి ఎవరు చూస్తరు?"

"ఏం చూడాలె?"

"ముఖం."

కీర్తన నా వైపు చూసింది. "పంపేటోళ్లు చూసే పంపుతరు గదా తాతా."

వాళ్లు చూసేది వేరు. మా మేనమామ యోనా నాకు తాడు అప్పజెప్పిన రోజు చెప్పింది ఒక్కటే మాట: కబురు వస్తే ముందు ఆ ఇంటికి పో, ముఖం చూడు, అప్పుడు వచ్చి కొట్టు. అన్నం తినే సమయమైనా, వాన పడుతున్నా అంతే. మా వాడలో చావు గంట మోగిందంటే ఇంటింటా పొయ్యి మీద గిన్నె దించుతారు. మార్కెట్లో మనవాళ్లు బస్తా దించేసి వస్తారు. మోగిన గంటను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

ఆ మాటే చెప్పాను. కీర్తనకు హుషారు వచ్చింది.

"కరెక్ట్ తాతా! మా దాంట్లగూడ అంతే. ఒట్టిగ పేజీ తెరిచి చూస్తే ఏం కాదు, వందసార్లు చూడు. దాన్ని గెట్ అంటరు. 'పంపు' అని నొక్కితే అది పోస్ట్. అది పోయిందంటే పని జరిగినట్టే."

చూడటం వేరు, పంపడం వేరు. ఈ మాట నాకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు.

జూన్ 6, శుక్రవారం

భుజం ఏమైంది మామా అని హన్నా. భుజానికి ఏమీ లేదు. వాయువు.

జూన్ 7, శనివారం

ఇవాళ నేను చచ్చిపోయాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రేపు వాడలో తలా ఒక తీరుగా చెప్పుకుంటారు, నా దగ్గరన్నా సరిగా ఉండాలి.

పొద్దున కీర్తన తన పాత ఫోన్ నా చేతిలో పెట్టింది. "తాతా, రేపు చర్చిల అందరికి ఇది ఎట్ల పంపాలెనో నువ్వే చూపియ్యాలె. ఇప్పుడు ఉత్తగ ఏదన్నా పేరు పెట్టి నొక్కి చూడు. నాకు ఆఫీస్ మీటింగ్ ఉన్నది" అని పైకి పోయింది. నా చేత చూపించాలనుకుంది. పిల్లకు నా మీద ప్రేమ ఉంది, అది నాకు తెలుసు.

అరుగు మీద కూర్చుని పేజీ తెరిచాను. పైన 'మృతుని పేరు' అని ఉంది. ఉత్తగ ఏదన్నా పేరు పెట్టమంది. ఏ పేరు పెట్టాలి? నాతో బస్తాలు మోసిన ఫ్రాన్సిస్ పేరు పెడదామంటే వాడు నిన్న దగ్గుతూ కనిపించాడు. ప్రశాంత్ అని పెట్టాలనిపించింది, పాపం అని మానుకున్నాను. ఏ పేరు తలచినా ఆ పేరున్న మనిషి సంఘంలో ఉన్నాడు. చచ్చినవాడి పేరు రాసే చోట బతికున్నవాడి పేరు రాయడానికి నా చేయి రాదు. ఇంకొకడి పేరు మీద నాకేం హక్కు ఉంది? నా పేరు మీద నాకు ఉంది. ఏలియా అని రాశాను. వయసు రాశాను. మా ఇల్లే రాశాను.

నొక్కాను. చిన్న చక్రం ఒకటి తిరిగింది. జవాబు లేదు.

మార్కెట్లో లారీ మీద నుంచి బస్తా వదిలేటప్పుడు "ఆఁ?" అని అరుస్తాం. కిందవాడు "ఆఁ!" అనాలి. అనకపోతే మళ్లీ అరుస్తాం. వాడు పలికేదాకా అరుస్తూనే ఉంటాం. పలకకముందే వదిలితే కిందవాడి మెడ విరుగుతుంది. ఈ ఫోన్ పలకలేదు. మళ్లీ నొక్కాను. పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. పలికేదాకా నొక్కాను.

అప్పుడు గంట మోగింది. చావు గంట.

ఎవరో పోయారు అనుకున్నాను. చెప్పులు వేసుకున్నాను, భుజం మీద తువ్వాలు వేసుకున్నాను. ముఖం చూడాలి కదా.

సందు మలుపులో కూరగాయల రాజక్క ఎదురైంది. గుండెలు బాదుకుంటూ వస్తోంది.

"ఎవరే రాజక్కా? ఎవరు పోయిండ్రు?" అన్నాను.

"మా ఏలన్న పాయె! నిన్ననే నా కాడ బెండకాయలు కొన్నడు..." అంటూ తల ఎత్తింది. నన్ను చూసింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత చేతిలోని కొంగుతోనే నన్ను కొట్టడం మొదలుపెట్టింది. "నీ పాడుగాను! గిదేం ఆటనే అన్నా! బండి నడిరోడ్డు మీద ఇడిసిపెట్టి ఉరికిన! నా టమాటలు ఆవులు తినవట్టే!"

"నేనేం జేసిననే?"

"సచ్చినవని మెసేజ్ అచ్చింది!"

ఇంటికి తిరిగేసరికి సారంగపాణి ఆటో ట్రాలీ మా వాకిట్లో ఆగి ఉంది. పైన ఫ్రీజర్ డబ్బా. సారంగపాణి నన్ను పైకీ కిందికీ చూసి బీడీ తీశాడు.

"బావా, గీ డబ్బా నీ కొలతకే తెచ్చిన. ఎక్కుతవా, వాపస్ తీస్కపోవాల్నా?"

"వాపస్ తీస్కపో."

"ఒక్కటి గాదు. ఎనుక ఇంకో రెండు వస్తానయి. ఆర్డర్ల మీద ఆర్డర్లు పెట్టినవు. ఒక్కనివి ఎన్ని డబ్బాలల్ల పండుకుంటవే?"

అంతలో గంట మళ్లీ మోగింది. నేను నొక్కిన ప్రతి నొక్కుకూ ఒక చావు. అన్నీ వరుసలో నిలబడి ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. కీర్తన మెట్లు దిగి పరుగున వచ్చింది, మళ్లీ పైకి పరుగెత్తింది. చివరికి ప్రశాంత్ మోటారు వైరు లాగేస్తే ఆగింది.

ఉదయ్ ఫోన్ చేశాడు. నాగ్‌పూర్ దాటాడట.

"బాపూ... నువ్వేనా మాట్లాడేది?"

"నేను కాకపోతే ఇంకెవడు?"

చాలాసేపు లారీల చప్పుడే వినిపించింది.

"లోడు ఇడిసిపెట్టి రాకు" అన్నాను. ఫోన్ హన్నాకు ఇచ్చేశాను. కంట్లో ఏదో పడింది. రోడ్డు దుమ్ము.

జూన్ 8, ఆదివారం

పాస్టరు అయ్యగారు ప్రార్థనలో "మా ఏలియా అన్నను మాకు తిరిగి ఇచ్చినందుకు స్తోత్రం" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు. ఫ్రాన్సిస్ అందరికంటే గట్టిగా నవ్వాడు, నవ్వి దగ్గాడు.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. ప్రశాంత్ లేచి నిలబడ్డాడు. "పెద్దమనిషి ఫోన్‌తోని ఆడి సంఘం పరువు తీసిండు. ఆ పిల్లకేమో ఇంకా పని రాదు. ఇగ గంట సంగతి కమిటీ చూసుకుంటది. తాడు ఇప్పేద్దాం" అన్నాడు.

నన్ను ఏమన్నా అననీ. పిల్ల అక్కడే తల వంచుకుని కూర్చుని ఉంది.

"ప్రశాంతూ, పిల్లకు పని రాదన్న మాట మళ్లొకసారి అను" అన్నాను.

అనలేదు.

నేను లేచి బయటికి నడిచాను. గంట గదికి ఉన్న వాళ్ల తాళం ఎప్పుడూ ఊడిపోతూనే ఉంటుంది, దాన్ని తీసి పారేసి ఇంటి నుంచి నా ఇనప్పెట్టె తాళం తెచ్చి వేశాను. మోటారు స్విచ్ లోపల. తాడు లోపల. తాళంచెవి నా జేబులో.

జూన్ 9, సోమవారం

పడుకున్నప్పుడు కూడా జేబులోనే ఉంది.

జూన్ 10, మంగళవారం

కీర్తన నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టేటప్పుడు కంచం చప్పుడు చేస్తోంది. నేనూ మాట్లాడలేదు. నా కంచమూ చప్పుడు చేయగలదు.

జూన్ 11, బుధవారం

పొద్దున తనే కిందికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"తాతా, నీ తప్పు కాదు."

"నా తప్పు అని నేనెప్పుడన్నా అన్ననా?"

నవ్వు ఆపుకుంది. పక్కన కూర్చుని చెప్పింది. ఎవరన్నా పంపింది అందగానే సర్వర్ 'అందింది' అని వెంటనే చెప్పాలట, పనులు తర్వాత వెనక చేసుకోవాలట. తనేమో పనులన్నీ అయ్యి గంట మోగేదాకా ఆగి అప్పుడు చెప్పేలా రాసింది. అందుకే నాకు చక్రం తిరిగింది.

"నువ్వు మళ్ల మళ్ల నొక్కుడు తప్పు కాదు. ప్రపంచమంత గట్లనే నొక్కుతది. ఒక్క కబురు పదిసార్లు వచ్చినా ఒక్కటే అని గుర్తుపట్టాల్సింది నేను. ఇప్పుడు రాసిన. పేజీ తెరిచినప్పుడే దానికొక నంబర్ పడతది, ఆ నంబర్ మీద ఒక్కసారే పని. ఇంగ నేర్సుకునేటోళ్లకు వేరే పేజీ పెట్టాల్సింది. అదిగూడ పెట్టలే. అసలుదే నీ చేతుల పెట్టిన." కొంచెం ఆగింది. "ప్రశాంత్ అంకుల్ అన్నది నిజమే."

"వాడు అన్నది ఏదీ నిజం కాదు. ఒకవేళ నిజమైనా నువ్వు ఒప్పుకోకు."

తర్వాత నేను అడగాల్సింది అడిగాను. "మరి ముఖం సంగతి?"

"ఆలోచించిన. పని మధ్యల ఆపొచ్చు తాతా. కబురు వస్తది, మెసేజ్ పోదు, డబ్బా పోదు, గంట కొట్టదు. ఒక మనిషి పోయి చూసి, 'చూశాను' అని ఇంకో పోస్ట్ పంపేదాంక ఆగే ఉంటది. కరెంట్ పోయి మళ్లొచ్చినా యాడ ఆగిందో మర్చిపోదు."

"ఎవరు పంపాలె?"

కీర్తన లేచి పైకి పోయింది. హన్నా వంటింట్లోంచి తొంగి చూసింది, మళ్లీ లోపలికి పోయింది.

జూన్ 14, శనివారం

అయ్యగారు, ప్రశాంత్, ఇంకా ముగ్గురు మా ఇంటికి వచ్చారు. హన్నా చాయ్ పెట్టింది.

మధ్యలో ఆపడం మంచిదే అన్నారు. ఒప్పుకున్నారు. కానీ 'చూశాను' అని చెప్పేది సెక్రటరీ అట. ఇంటివాళ్లు ఫోటో పంపుతారు, ప్రశాంత్ ఇంట్లో కూర్చుని చూసి నొక్కుతాడు.

"ఫోటో ముఖం కాదు" అన్నాను.

"అన్నా, జర సమజ్ చేసుకో. కాలం మారింది. ఒక్కొక్క ఇంటికి నడుసుకుంట పోయేదాంక గంట ఆగాల్నా?"

"నేను పోయేదాంక ఆగింది ఇన్నేండ్లు. ఎవరు అడ్డం పడలే."

ప్రశాంత్ కప్పు కింద పెట్టాడు. "సరే, అసలు మాట మాట్లాడుకుందాం. నీ కుడి భుజం లేస్తదా అన్నా? ఏది, ఒకసారి లేపు."

హన్నా, కీర్తన, అయ్యగారు, అందరూ నా భుజం వైపే చూస్తున్నారు.

"నీ ముందట చేయి లేపి చూపెట్టనీకె నేనేమన్న సర్కస్ కోతినా?"

"అయితే ఒక మాట. ఈసారి చావు గంట కొట్టే అవసరం పడ్డప్పుడు తాడు పట్టి మొత్తం నువ్వే కొట్టు. కొట్టినవా, తాడు నీదే, చూసేది నువ్వే, నేను నోరెత్త. కొట్టలేకపోతే తాళంచెవి ఇయ్యాలె. తాడు ఇప్పుతం."

"ఇస్త" అన్నాను.

అయ్యగారు ఏదో అనబోయాడు. నేను ఇంకో చాయ్ తెమ్మన్నాను.

జూన్ 16, సోమవారం

వాకిట్లో జామకొమ్మకు తువ్వాలు కట్టి లాగుతున్నాను. చేయి గడ్డం దాకా వస్తోంది.

జూన్ 18, బుధవారం

ఇవాళ చెవి దాకా లేచింది. చెవి దాకా చాలు. తాడు పైనుంచే కదా వేలాడేది, నేను కిందికి లాగితే చాలు.

దవాఖానకు పోదాం మామా అని హన్నా. ఎవరికి బాగోలేదు అన్నాను.

జూన్ 19, గురువారం

గడ్డం దాకా.

జూన్ 20, శుక్రవారం

ఫ్రాన్సిస్ పోయాడు.

ఇవాళ రాయను.

జూన్ 21, శనివారం

నిన్న పొద్దున కీర్తన కిందికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. తెర మీద పేరు ఉంది. ఫ్రాన్సిస్. దాని కింద 'చూసేవారి కోసం ఆగి ఉంది' అని ఉంది.

అంతలో ప్రశాంత్ ఫోన్ చేశాడు. పెద్దగా మాట్లాడతాడు కాబట్టి నాకూ వినిపించింది.

"అమ్మా కీర్తనా, ఫోటో వచ్చింది నాకు. నొక్కుదామంటే బటన్ కనవడతలేదు."

"ఆ బటన్ తాత ఫోన్ల ఉంది అంకుల్."

"ఎవరు పెట్టమన్నరు?"

"తాడు పోయేదాంక చూసేది తాతనే గదా. మీరే అన్నరు" అని పెట్టేసింది.

ఫ్రాన్సిస్ ఇల్లు రెండు సందుల అవతల. నడిచి పోయాను. ఫ్రాన్సిస్ కూతురు ఏంజెల్ గుమ్మంలోనే నన్ను పట్టుకుంది.

"పెద్దనాయినా, కండ్ల నీళ్లకు తెర కనవడక మెసేజ్ పోయిందో లేదో నాకేం తెలుస్తలేదు... చేతులు ఆడక నాలుగైదుసార్లు నొక్కిన..."

"పోయింది బిడ్డా. ఒక్కటే పోయింది. అందుకే నేనొచ్చిన."

లోపల మంచం మీద ఉన్నాడు. ముఖం మీద తువ్వాలు తీశాను. కూర్చున్నాను.

ఊపిరి ఉందో లేదో చూడటానికి డాక్టర్ ఉన్నాడు. పొద్దున్నే వచ్చి చూసి పోయాడట. నేను చూసేది అది కాదు. గంట ఎవరి కోసం కొడుతున్నానో నాకు తెలియాలి. ఎవరి కోసమో తెలియకుండా కొడితే అది వట్టి ఇనుము. ఇంతకుముందు ఎవరైనా అడిగి ఉంటే ఇంత చక్కగా చెప్పలేకపోయేవాణ్ని. నిన్న వాడి పక్కన కూర్చుంటే తెలిసింది.

ఫ్రాన్సిస్ గడ్డం గీసుకోలేదు. ఎడమ చెవి మీద బస్తా తగిలి చినిగిన మచ్చ ఉంది. ఆ బస్తా వదిలింది నేను కాదు, ఇంకొకడు. పాట పాడితే వాడి గొంతు బావిలో నుంచి వచ్చినట్టు ఉండేది, పక్కన నిలబడితే నా పక్కటెముకలు కదిలేవి. పోయిన ఆదివారం "ఒరే ఏలియా, నువ్వు ముందు పోయినవు గదరా, తొవ్వ ఎట్లున్నది?" అని అడిగాడు. నేను తిట్టాను. ఇప్పుడు వాడికే తెలుసు.

తువ్వాలు కప్పాను. లేచాను.

కబురు నోటినోటా పాకి చర్చి దగ్గర జనం ఉన్నారు. ప్రశాంత్ ఉన్నాడు, చేతులు కట్టుకుని. రాజక్క ఉంది. కీర్తన నా వెనకే వచ్చింది. తాళం తీశాను. తాడు పట్టుకున్నాను.

మొదటి దెబ్బ బాగా పడింది. వాడలో కుక్కలు మొరగడం ఆపాయి. రెండోది పడింది. మూడోదానికి తాడు పైకి పోయింది, నా చేయి దానితో పోలేదు. ఎడమ చేత్తో లాగాను. గంట సగం పలికింది. ఆ సగం పలుకు ఫ్రాన్సిస్‌కు తగదు. ఇంకోసారి లాగాను. అదీ సగమే.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికగా ఉండేది.

వెనక రాజక్క మెల్లగా "అన్నా, ఇగ చాలు" అంది.

"ఏం చాలు? ఫ్రాన్సిస్‌కు సగం గంటా?" అని తిట్టాను.

కీర్తన లోపలికి వచ్చి మోటారు వైరు మళ్లీ తగిలించి, ఫోన్ పట్టుకుని నా పక్కన నిలబడింది. నొక్కమని అనలేదు. నొక్కొద్దని కూడా అనలేదు. తెర మీద వాడి పేరు, దాని కింద 'చూశాను' అనే బటన్. చూశాను కదా. అది అబద్ధం కాదు. కుడి చేత్తో తాడు వదలకుండా ఎడమ బొటనవేలితో నొక్కాను.

మోటారు కదిలింది. గంట నిండుగా మోగింది. మోగిన ప్రతిసారీ తాడు పైకి పోయింది, తాడును పట్టుకున్న నా చేయిని తనతో పైకి లాక్కుపోయింది. చెవి దాటి, తల దాటి. ఎంత నొప్పో రాయను. ఆఖరి దెబ్బ దాకా వదల్లేదు.

అయ్యాక తాళంచెవి తీసి ప్రశాంత్ చేతిలో పెట్టాను. మాట మాటే. అతను తీసుకున్నాడు. తాళంచెవి వైపే చూస్తూ నిలబడ్డాడు.

"దెబ్బకు దెబ్బకు నడుమ జాగా తక్కువుంది. అది చావు గంట కాదు, బడి గంట" అన్నాను. అని ఇంటికి వచ్చాను.

జూన్ 22, ఆదివారం

తాడు విప్పారు. నేను చూడలేదు. కొత్త తాళం వేశారని సారంగపాణి చెప్పాడు. నా ఇనప్పెట్టె తాళం ప్రశాంత్ తన మనిషితో పంపించాడు, నూనె వేసి.

హన్నాతో దవాఖానకు పోయి వచ్చాను. ఆమె పోరు పడలేక.

జూన్ 23, సోమవారం

పై గదిలో కీర్తన పక్కన కూర్చున్నాను. నేను బల్ల మీద అరచేత్తో ఒక దెబ్బ కొట్టాను. ఊపిరి తీసి వదిలి, పోయినవాడి ఇంటి ముందు ఒక మనిషి వచ్చి నిలబడేంత ఆగి, ఇంకో దెబ్బ కొట్టాను. కీర్తన మళ్లీ కొట్టమంది. మళ్లీ అదే జాగాతో కొట్టాను. ఆమె ఏదో అంకె మార్చింది. ఎంత అని అడగలేదు.

తర్వాత అడిగింది. "తాతా, రేపు కమిటీల చూసేటోళ్ల పేరు పక్కా చేస్తరట. నీ పేరు నేను తీసెయ్య, వాళ్లు ఏమన్నా అననీ. కానీ నువ్వు ఊళ్లె లేనప్పుడు ఇంకొక పేరు ఉండాలె. లేకుంటే కబురు అట్లనే ఆగిపోయి ఉంటది."

"ఉండనీ."

"ఎన్ని రోజులు ఉంటది తాతా? ఎవరో ఒకరి పేరు రాయాలె."

"అయితే నీది రాయి."

కుర్చీ వెనక్కి జరిపింది. "నాతోని కాదు. మొన్న ఫ్రాన్సిస్ తాత ఇంట్లకు నేను రాలే, చూసినవా? గేటు కాడనే నిలబడ్డ. శవం ముఖం నేనెప్పుడు చూడలే. నాకు భయం."

ఆ రోజు నేను గమనించలేదు. నిజమే, లోపలికి రాలేదు.

"నాకూ భయమే" అన్నాను. ఈ మాట నా నోటి నుంచి ఇంతవరకు ఎవరూ వినలేదు. యోనా మామ కూడా వినలేదు. "ప్రతిసారీ గుమ్మంలో కాళ్లు బరువెక్కుతయి. అయినా పోత."

"మరి?"

"మరి ఏం లేదు. ఈసారి నాతోని లోపలికి రా. ముఖం నేను చూస్త, నువ్వు నా భుజం ఎనుక నిలబడు. తర్వాతసారి పక్కన నిలబడు."

కీర్తన బల్ల మీదికి వంగి తన పేరు కొట్టింది. నా పేరు కింద.

ఆ బటన్ ప్రశాంత్‌కు ఎందుకు ఇవ్వకూడదో ఇన్నాళ్లు నాకూ సరిగా తెలియదు, మొండితనం అనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. అతనికి భయం లేదు. ఇంట్లో కూర్చుని చాయ్ తాగుతూ నొక్కగలడు. అలాంటి చేతికి చావు గంట ఇవ్వకూడదు.

రేపు కమిటీలో ఈ మాట అందరి ముందు చెప్తాను. నన్ను పిలవలేదు. అయినా పోతాను.